సర్ విల్‌ఫ్రిడ్ ఫ్లాస్కు, మా మామగారి రాగిజావ

1957లో వచ్చిన 'విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్' అనే నలుపు తెలుపు సినిమాను, హంతకుడెవరో తెలుసుకోవడానికి చూసేవారు ఒక్కసారే చూస్తారు. అందులోని ముసలి బారిస్టరు నర్సు కన్నుగప్పి చుట్ట ఎలా సంపాదిస్తాడో చూడటానికి కూర్చునేవారు ఎన్నిసార్లయినా చూస్తారు. నేను ఈ రెండో వర్గానికి చెందినవాడిని. అగాథా క్రిస్టీ రాసిన 1925 నాటి చిన్న కథ 1953లో లండన్‌లో నాటకమైంది. దర్శకుడు బిల్లీ వైల్డర్ దానిని తెరకెక్కిస్తూ, నాటకంలో లేని నర్సును ఒకామెను కల్పించి, అప్పుడే గుండెపోటు నుంచి కోలుకుంటున్న బారిస్టరును ఆమె పహరాలో పడేశాడు. కథను నడిపించేది హత్య కేసే అయినా, సినిమాకు ప్రాణం పోసింది మాత్రం ఆ ముసలాయన గుండెజబ్బే.

సర్ విల్‌ఫ్రిడ్ రోబార్ట్స్ అనే ఆ బారిస్టరు పాత్రను చార్లెస్ లాటన్ ధరించాడు. 1933 నాటి సినిమాలో ఎనిమిదో హెన్రీ రాజుగా నటించి ఆస్కార్ పొందిన ఈయన, ఇందులో నటించేనాటికి అరవైకి చేరువలో ఉన్నాడు. భారీ శరీరం, జారిన బుగ్గలు, గదమాయించే గొంతు, ఆ గదమాయింపు వెనుక బడి ఎగ్గొట్టే పిల్లవాడి కళ్ళు ఆయన సొత్తు. నర్సు మిస్ ప్లిమ్సోల్‌గా వేసిన ఎల్సా లాంచెస్టర్ నిజ జీవితంలో ఆయన భార్య. 1929లో పెళ్ళయిన ఆ దంపతులు తెర మీద మందుబిళ్ళల గురించి పోట్లాడుకుంటుంటే, దానికి డైలాగులు వేరే ఎవరో రాసి ఇచ్చారంటే నమ్మబుద్ధి కాదు. ఆ ఏడాది ఆస్కార్ పోటీకి ఇద్దరి పేర్లూ వెళ్ళాయి.

ఇంతటి ఉత్తమ చిత్రాన్ని ఒక్క చోట మాత్రం ప్రదర్శించకూడదు. కొత్తగా స్టెంటు వేయించుకున్న పెద్దాయన ఉన్న ఇంట్లో అది పాఠ్యగ్రంథంగా పనిచేస్తుంది. ఈ సూక్ష్మం మా బావమరిదికి తట్టలేదు. అతడు సంక్రాంతికి హైదరాబాదు నుంచి తెనాలి వస్తూ, "నాన్నగారు ముప్పై ఏళ్ళకు పైగా కోర్టులో పనిచేశారు కదా, కోర్టు సినిమా అయితే కాలక్షేపంగా ఉంటుంది" అని ల్యాప్‌టాప్‌లో దానిని పెట్టుకొని వచ్చాడు.

మా మామగారు బెంచి గుమాస్తాగా రిటైరయ్యారు. ఎందరో జడ్జీలు మారినా ఆ హాలు మారలేదనీ, ఆ హాలును నడిపింది తామేననీ ఆయన అభిప్రాయం. గుంటూరులో స్టెంటు వేసి పంపాక, ఇంట్లో అధికారం పూర్తిగా అత్తగారి చేతికి వచ్చింది. కాఫీ నిషిద్ధమైంది. పంచదార డబ్బా అటక ఎక్కింది. సాయంత్రం నాలుగింటికి ఆయన పార్కుకు నడకకు బయలుదేరే ముందు, మజ్జిగ కలిపిన రాగిజావను ఫ్లాస్కులో పోసి చేతికిచ్చే ఏర్పాటు జరిగింది. అత్తగారికి ఈ ఉద్యోగానికి తగిన చదువు కూడా ఉంది. ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ కొమ్మూరి సాంబశివరావు నవలలన్నీ అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి చదివినావిడ. డిటెక్టివ్ యుగంధర్ ఏ నవలలో ఏ ఆధారం పట్టుకొని కేసు తేల్చాడో అడిగితే, వంట ఆపకుండానే చెప్పగలరు.

మొదటి రాత్రి ప్రదర్శన సగంలోనే ఆగిపోయింది. సినిమా నిడివి రెండు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. మామగారు తొమ్మిదింటికి పడుకోవాలి. అత్తగారు గడియారం చూసి టీవీ కట్టేశారు. సర్ విల్‌ఫ్రిడ్ కూడా మధ్యాహ్నం నిద్రపోవాలని నర్సు పట్టుబట్టే ఘట్టం అప్పటికే అయిపోయింది కనుక, ఎవరూ వాదించలేకపోయారు.

అయితే ఆ సగంలోనే మామగారికి కావలసినదంతా దొరికింది. ఆయన చూసిన తీరు చెప్పుకోదగినది. హత్యానేరం మోపబడిన లియొనార్డ్ వోల్ వేషంలో ఉన్న టైరోన్ పవర్ ఎంత అందగాడైనా, మార్లీన్ డీట్రిచ్ గుమ్మంలో నిలబడి ఇంటినంతా నిశ్శబ్దం చేసినా, ఆయన పట్టించుకోలేదు. ఆయన దృష్టంతా లాటన్ చేతుల మీదే ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన బారిస్టరు కొత్త కేసు వద్దని నిజంగానే అనుకుంటాడు. కేసు తీసుకొచ్చిన సొలిసిటర్ అనే లాయరు జేబులో చుట్టలు కనిపించేసరికి మాత్రం, ఏదో న్యాయసూత్రం గుర్తొచ్చినవాడిలా అతణ్ణి గదిలోకి తీసుకుపోయి తలుపు వేస్తాడు. తీరా చూస్తే సొలిసిటర్ దగ్గర అగ్గిపెట్టె ఉండదు. అప్పుడు బయట కూర్చున్న ముద్దాయిని, ఒక ముఖ్యమైన విషయంలో మీ సహాయం కావాలని ఎంతో గంభీరంగా లోపలికి పిలిచి, నిప్పు అడుగుతాడు. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానాన్ని కుదిపేసే హత్య కేసు, ఒక అగ్గిపుల్ల కోసం మొదలవుతుంది. లాటన్ ఆ ఘట్టంలో నవ్వడు, నవ్వించడానికి ప్రయత్నించడు. చుట్ట మీద ఆశను న్యాయం మీద ఆసక్తిగా చూపించడంలోనే ఉంది ఆయన ప్రజ్ఞ అంతా. మామగారు నిట్టూర్చి, "మనిషంటే అలా ఉండాలి" అన్నారు. అత్తగారు దానిని లాయరు వృత్తికి ప్రశంసగా అర్థం చేసుకున్నారు.

ఫ్లాస్కు సంగతి కూడా మా పాలిట శనిలా ఆ సగంలోనే వచ్చింది. నర్సు కోకో పోసి ఇవ్వవలసిన ఫ్లాస్కులో బారిస్టరు బ్రాందీ పోసుకుంటాడు. కోర్టులో నిండు సభలో, న్యాయమూర్తి ఎదుటే, కోకో తాగుతున్నవాడిలా సాధుముఖం పెట్టి చప్పరిస్తాడు. మధ్యమధ్య బల్ల మీద మందుబిళ్ళలను వరసలుగా పేర్చుకుంటూ, ప్రాసిక్యూషన్ వాదన వినడం లేదన్నట్టు కనిపిస్తూ, సమయం వచ్చేసరికి ఉరిమినట్టు లేస్తాడు. మామగారు ఆ ఫ్లాస్కు కనిపించినప్పుడల్లా కుర్చీలో కాస్త ముందుకు జరిగారు.

మర్నాటి నుంచి ఆయన నడకకు ఎంతో ఉత్సాహంగా వెళ్ళసాగారు. జావ వద్దని మారాం చేయడం మానేశారు. పైగా ఫ్లాస్కు నింపారా అని తామే అడిగేవారు. డాక్టరు చెప్పిన మాట ఇన్నాళ్ళకు తలకెక్కిందని అత్తగారు సంబరపడ్డారు. అసలు జరుగుతున్నదేమిటంటే, పార్కు గేటు ఎదుట ఉన్న కాఫీ హోటలు దాకా వెళ్ళి, జావను అక్కడి వీధికుక్కకు ధారపోసి, ఖాళీ అయిన ఫ్లాస్కులో చిక్కటి ఫిల్టరు కాఫీ, పంచదార దండిగా వేయించి, నింపించుకొని వచ్చేవారు. ఇంటికొచ్చి వరండాలో పేపరు చదువుతూ, ఆ మూతలోనే పోసుకొని, లాటన్ పెట్టిన ముఖమే పెట్టి, అరగంట పాటు చప్పరించేవారు. అత్తగారు అటుగా వచ్చినప్పుడు "చప్పగా ఉంది, కాస్త ఉప్పు వెయ్యాల్సింది" అని విమర్శ కూడా చేసేవారు. ఈ చివరి మెరుగు సినిమాలో లేదు. అది పూర్తిగా ఆయన సొంత కల్పన.

నేరస్థులంతా ఆధారం వదులుతారని యుగంధర్ సిద్ధాంతం. ఇక్కడి ఆధారానికి నాలుగు కాళ్ళున్నాయి. రాగిజావ మరిగిన ఆ కుక్క ఒంటికి నిగారింపు తెచ్చుకొని, రోజూ మామగారి వెంట ఇంటిదాకా వచ్చి, గేటు దగ్గర ఫ్లాస్కు వైపు చూస్తూ కూర్చునేది. "కుక్కలంటే మీకు పడదు కదండీ, ఇదేమిటి మిమ్మల్ని వదలడం లేదు?" అని అత్తగారు అడిగారు. "మూగజీవాలకు మంచివాళ్ళు తెలుస్తారు" అని మామగారు జవాబిచ్చారు. అత్తగారు మరేమీ అనలేదు. కోర్టులో అన్నేళ్ళు పనిచేసిన మనిషి, ప్రశ్న అడిగి ఊరుకున్న వకీలును చూసి భయపడాలని గ్రహించి ఉండవలసింది.

మిగతా సగం చూడటానికి ఆదివారం సాయంత్రం ముహూర్తం కుదిరింది. తొమ్మిది గంటల అడ్డు లేకుండా ఐదింటికే మొదలుపెట్టాం. వీధి చివర ఉండే డాక్టరుగారు కూడా, రక్తపోటు చూసిపోదామని వచ్చి, పాత ఇంగ్లీషు సినిమా అనగానే కూర్చుండిపోయారు. మామగారు నడక ముగించుకొని వచ్చి, ఫ్లాస్కును కుర్చీ పక్కన పెట్టుకున్నారు.

తెర మీద ఇంటి పనిమనిషి జానెట్ సాక్ష్యం నడుస్తోంది. ఆ వేషం వేసిన ఊనా ఓకానర్, న్యూయార్క్‌లో ఈ నాటకం ఆడినప్పుడు కూడా అదే పాత్ర ధరించిన నటి. ఇదే ఆవిడ ఆఖరి సినిమా. ఆవిడకు చెవులు సరిగా వినపడవని నిరూపించడానికి సర్ విల్‌ఫ్రిడ్ గొంతు తగ్గించి, ముఖం పక్కకు తిప్పి ఒక ప్రశ్న అడుగుతాడు. ఆవిడకు వినపడదు, సాక్ష్యం కుప్పకూలుతుంది. "చూశారా క్రాస్ ఎగ్జామినేషన్ అంటే! మనవాళ్ళు అరిస్తేనే క్రాస్ అనుకుంటారు" అని మామగారు పరవశించిపోయి, పన్నెండుమంది జ్యూరీ గురించీ, మన దేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఆ పద్ధతికి చోటే లేకుండా చేసిన సంగతి గురించీ ఉపన్యాసం అందుకున్నారు. ఆ ధ్యాసలో, అత్తగారు తన పక్కన వంగి ఫ్లాస్కు తీసుకోవడం ఆయన గమనించలేదు.

"డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే రోజూ రాగిజావ ఇస్తున్నాను. మీరొకసారి రుచి చూసి బాగుందో లేదో చెప్పండి" అంటూ అత్తగారు మూత నిండా పోసి, చీకట్లో ఆయన చేతికి అందించారు. జ్యూరీ మీద ఉపన్యాసం వాక్యం మధ్యలో ఆగిపోయింది. మామగారు ఏదో అనబోయి, ఏమంటే నేరం ఒప్పుకున్నట్టవుతుందో తేల్చుకోలేక, నోరు తెరిచి అలాగే ఉండిపోయారు.

డాక్టరుగారు ఒక గుక్క తాగారు. కాసేపు తెర వైపు చూశారు. రెండో గుక్క తాగారు. తరువాత మూత మొత్తం ఖాళీ చేసి, "అమ్మా, జావ అమోఘంగా ఉంది. ఇంకొంచెం ఉందా?" అని అడిగారు. ఆయన ఇంట్లో కూడా షుగరు కారణంగా కాఫీ ఆగిపోయి చాలాకాలమైందని మాకు ఆ తరువాత తెలిసింది. అత్తగారు ఆనందంతో మళ్ళీ పోశారు, మళ్ళీ పోశారు. మామగారు తమ సాయంత్రమంతా గుక్కగుక్కగా మరొకరి గొంతులోకి దిగిపోవడం చూస్తూ, అబ్జెక్షన్ చెప్పడానికి కూడా వీలులేని స్థితిలో కూర్చున్నారు.

అంతటితో పోయేదే. కానీ తెర మీద కోర్టు హాలంతా వెలుగుతో నిండిన దృశ్యం ఒకటి వచ్చి, ఆ వెలుగు డాక్టరుగారి తెల్లని మీసాల మీద పడింది. ఆ మీసాల చివర నురుగు గోధుమరంగులో మెరిసింది. అత్తగారు మూత అందుకొని వాసన చూశారు. లేచి లైటు వేశారు. సరిగ్గా అప్పుడే తీర్పు అయిపోయి, సినిమాలోని అసలు రహస్యం బయటపడటం మొదలైంది.

ఆ పది నిమిషాలూ మా ఇంట్లో రెండు విచారణలు ఏకకాలంలో నడిచాయి. అత్తగారు టీవీకి వీపు పెట్టి, ఫ్లాస్కును ఎగ్జిబిటుగా ఎత్తి పట్టుకొని, కుక్క దగ్గర మొదలుపెట్టారు. హోటలు, పార్కు గేటు, ఉప్పు తక్కువైందన్న విమర్శ, అన్నీ వరసగా వచ్చాయి. "అల్లుడుగారూ, మీరు చెప్పండి, వరండాలో మీ ముక్కుకు కాఫీ వాసన తగిలిందా లేదా?" అని నన్ను సాక్షిగా పిలిచారు. నేను సబ్‌టైటిల్స్ చదవడంలో మునిగి ఉన్నట్టు కనిపించడానికి ప్రయత్నించాను గానీ, ఆవిడే తెరకు అడ్డంగా నిలబడ్డారు కనుక చదవడానికేమీ లేదు. బావమరిది "అమ్మా, కాస్త పక్కకు జరుగు, ఎవరు చంపారో చెబుతున్నారు" అని బతిమాలాడు. "ఎవరు చంపితే నాకేం? ఇక్కడ ఈయన తనను తానే చంపుకుంటున్నారు" అన్నారు అత్తగారు. ఆ వాక్యానికి లాటన్ కూడా జవాబు చెప్పలేడు.

సినిమా చివర హత్య సంగతి ఎలా తేలుతుందో నేను చెప్పను. చూడనివారికి ముగింపు చెప్పవద్దని సినిమా అయిపోయాక ఒక గొంతు వచ్చి ప్రేక్షకులను కోరుతుంది. ఫ్లాస్కు సంగతి చెప్పడానికి అభ్యంతరం ఉండకూడదు. ఆఖరి క్షణంలో మిస్ ప్లిమ్సోల్, వెళ్ళిపోతున్న సర్ విల్‌ఫ్రిడ్‌కు ఆ ఫ్లాస్కు చూపించి, మీ బ్రాందీ మరచిపోయారని గుర్తుచేస్తుంది. అంతసేపూ ఆవిడకు తెలుసన్నమాట. అత్తగారి భుజం మీదుగా ఆ మాట విన్న మామగారు, మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు లేచి, "అదిగో, అది చూడవే! ఆ నర్సును చూసి నేర్చుకో!" అని కేక వేశారు. డాక్టరుగారు పొర్లి పొర్లి నవ్వారు. తనను చూసి నవ్వుతున్నారనుకొని, అత్తగారు ఫ్లాస్కుతో సహా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నప్పుడు ఆవిడ కొడుకు చేత ల్యాప్‌టాప్ పెట్టించుకొని, సినిమా మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా చూశారు. హంతకుడి విషయం సగంలోనే తెలిసిపోయిందన్నారు. లాటన్ నటనకు నూటికి నూరు మార్కులు ఇచ్చారు. నర్సును మాత్రం ఉద్యోగంలోంచి తీసేయాలన్నారు. తెలిసి ఊరుకోవడం కన్నా తెలియకపోవడం నయమనీ, యుగంధర్ దగ్గర అసిస్టెంటు రాజు ఇలాంటి పని చేసి ఉంటే మర్నాడే ఇంటికి పంపేవాడనీ తీర్పు చెప్పారు. ఫ్లాస్కు అటక మీద పంచదార డబ్బా పక్కకు చేరింది. అప్పటి నుంచి జావ గాజుగ్లాసులో, అత్తగారి ఎదుటే, ఇంట్లోనే తాగే పద్ధతి అమల్లోకి వచ్చింది. మామగారు అప్పీలుకు వెళదామని డాక్టరుగారికి ఫోను చేశారు.

డాక్టరుగారు కేసు వినే స్థితిలో లేరు. తన జావను ఆయన అంత మెచ్చుకొని మూడుసార్లు పోయించుకున్నారన్న సంగతిని, అత్తగారు వాళ్ళావిడకు ఫోనులో పూసగుచ్చినట్టు చెప్పి, తయారుచేసే విధానం కూడా వివరించారు. ఇప్పుడు క్లినిక్కులో రోజూ సాయంత్రం ఐదింటికి, రోగులందరూ చూస్తుండగా, ఆయన బల్ల మీదికి ఒక గాజుగ్లాసు వస్తోంది. ఉప్పు సరిపోయిందో లేదో అడిగి రమ్మని వాళ్ళావిడ కాంపౌండరుకు చెప్పి పంపుతున్నారు.