తలుపు తీయడమే కదా అన్నారు

మ్యాచ్ పొద్దున ఏడుంబావుకి అయింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు. చెవులింకా మండుతూనే ఉన్నాయి, చలికి మాత్రం కాదు.

మావాడు టొరంటో పక్కన మా ఊరి టీమ్‌లో ఐస్ హాకీ ఆడతాడు. యూ11, అంటే తొమ్మిది, పదేళ్ల పిల్లలు. ఇక్కడ పిల్లలు ఆడాలంటే అమ్మానాన్నలు చాకిరీ చెయ్యాలి. గడియారం నొక్కడానికి ఒకరు, గోల్సూ పెనాల్టీలూ షీటులో ఎక్కించడానికి ఒకరు, తప్పు చేసిన పిల్లాణ్ని కాసేపు కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సు తలుపు దగ్గర బాక్సుకి ఒకరు. వీళ్లందరికీ కలిపి ఆఫ్-ఐస్ అఫీషియల్స్ అని పేరు. సీజన్ మొదట్లోనే మన చేత డిపాజిట్ చెక్ రాయించుకుంటారు, డ్యూటీలు ఎగ్గొడితే దాన్ని బ్యాంకులో వేసుకుంటారు. దీన్ని వాలంటీరింగ్ అంటారు.

మా టీమ్ మేనేజరమ్మ "మీరు కొత్త కదా, తలుపు తీసుకోండి, చాలా ఈజీ, తీయడం వేయడం అంతే" అంది. సరే అన్నాను. ఇంజినీరింగ్ చదివి తలుపు తియ్యలేనా?

ఆట మొదలైంది, రెండు గోల్స్ అయ్యాయి, అవి వదిలేయండి. రెండో పీరియడ్‌లో విజిల్ పడ్డాక కూడా మావాళ్లలో ఒకడూ అవతలివాళ్లలో ఒకడూ ఒకర్నొకరు తోసుకున్నారు. రిఫరీ ఇద్దరికీ చెరో రెండు నిమిషాలు వేశాడు. మావాడు, అంటే మా టీమ్‌వాడు, నా బాక్సులోకి వచ్చి కూర్చున్నాడు. బుగ్గలు ఎర్రగా, హెల్మెట్ కింద నుంచి చెమట, పక్కనే నేను మఫ్లరూ మంకీ క్యాపూ వేసుకుని వణుకుతూ. వాడు నన్నోసారి ఎగాదిగా చూసి "హాయ్ అంకుల్" అన్నాడు. పంజాబీ పిల్లాడు. ఈ దేశంలో పిల్లలు నలభై దాటినవాణ్ని కూడా పేరు పెట్టి పిలుస్తారు, అలాంటిది ఒకడు నోరారా అంకుల్ అంటే మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసు. నేను చెడింది సరిగ్గా అక్కడే.

ఇక్కడ ఒక రూల్ ఉంది, నాకెవరూ చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. మామూలు పెనాల్టీ అయితే ఆ టీమ్ రెండు నిమిషాలు ఒకరు తక్కువగా ఆడుతుంది, టైమ్ బోర్డు మీద తగ్గుతూ కనబడుతుంది, సున్నాకి రాగానే తలుపు తీయాలి. కానీ రెండు వైపులా సమానంగా పడితే ఎవరూ తగ్గరు. వీళ్ల బదులు వేరేవాళ్లు దిగుతారు, ఐదుగురికి ఐదుగురు ఆడుతూనే ఉంటారు. లోపల కూర్చున్నవాళ్ల రెండు నిమిషాలు అయిపోయినా సరే, ఆట ఎక్కడైనా ఆగి విజిల్ పడేదాకా బయటికి రాకూడదు. పైగా ఆ టైమ్ బోర్డు మీద వెయ్యరు! గడియారం దగ్గరున్నాయన ఒక కాగితం ముక్క మీద రాసుకుని పక్కన పెట్టుకున్నాడు, కాఫీ కప్పు కింద.

అంటే నా బాక్సులో ఉన్న ఏకైక సమాచార వనరు ఆ పిల్లాడు.

వాడు బోర్డు మీద ఆట గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. "అంకుల్, ఇంకా ముప్ఫై సెకన్లు." "అంకుల్, పది." ఎంత నిజాయితీ అంటే, నేను కూడా వాడితో కలిసి లెక్కపెట్టాను. మా తాతగారి ఊళ్లో రైల్వే గేటు దగ్గర గేట్‌మ్యాన్ ఉండేవాడు, ఇటు లారీలు అటు ట్రాక్టర్లు ఎంత హారన్ కొట్టినా, ఊరి పెద్ద వచ్చి బతిమాలినా, రైలు దాటితే తప్ప గేటు లేపేవాడు కాదు. చిన్నప్పుడు గంటలు గంటలు ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. ఏం నేర్చుకున్నానో తెలీదు.

"మూడు, రెండు, ఒకటి, ఓపెన్ అంకుల్!"

గడియ లాగాను. గడియ కూడా, పొద్దుట్నుంచి పట్టేసి మొరాయించిన గడియ, ఆ ఒక్క క్షణంలో వెన్నలా జారింది. వాడు బాణంలా వెళ్లిపోయాడు. అవతలి బాక్సు వైపు చూస్తే అక్కడ ఒకావిడ ఒళ్లో దుప్పటి కప్పుకుని కాఫీ తాగుతూ ఉంది, తలుపు వేసే ఉంది, లోపల ఆవిడ పిల్లాడు బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. ఆవిడ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నెమ్మదిగా, జాలిగా.

ఇంతలో మావాళ్లు ఐస్ మీద ఆరుగురు. గోల్‌కీపర్ కాక. ఆ ఆరోవాడికే పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల, దొరికింది, ఇంకెవరికీ దొరకనట్టు, ఒక్కడే గోల్ వైపు దూసుకుపోయాడు. అవతలి కోచ్ వేళ్లు పైకెత్తి ఆరు ఆరు అని చూపిస్తూ అరుపులు, గ్యాలరీలో వాళ్ల తల్లిదండ్రులు లేచి నిలబడ్డారు. నేను, దేవుడి మీద ఒట్టు, చప్పట్లు కొట్టాను. అఫీషియల్స్ ఎవరి తరఫునా చప్పట్లు కొట్టకూడదట, అది ఇంకో రూల్.

విజిల్. రిఫరీ జారుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు, మహా అయితే పదహారేళ్లుంటాయి. "సర్, తలుపు ఎవరు తీశారు?" బాక్సులో ఉన్నది నేనొక్కణ్నే. అయినా వెనక్కి తిరిగి చూశాను.

పిల్లాడికి మళ్లీ పెనాల్టీ ఏమీ పడలేదు, తప్పు నాది కాబట్టి. ఆటైతే ఆగింది కదా, వాడికిక బయటే ఉండే హక్కు వచ్చేసింది కూడా. నా పక్క నుంచి వెళ్తూ "సారీ అంకుల్" అని కన్ను కొట్టాడు. వాడికి ఆ రూల్ ముందే తెలుసని నా అనుమానం.

కార్లో మావాడు ఇరవై నిమిషాలు మాట్లాడలేదు. చివరికి "నాన్నా, ఈసారి అమ్మని పంపు" అన్నాడు. మేనేజరమ్మ అప్పుడే గ్రూపులో పెట్టేసింది, డోర్ డ్యూటీ చేసేవాళ్లు దయచేసి రూల్స్ చదువుకుని రావాలని, నా పేరు లేకుండా, పక్కన ఒక నవ్వు బొమ్మతో. తీయడం వేయడం అంతే అన్నది నువ్వే కదమ్మా. అయినా ఆ రెండు నిమిషాలు బోర్డు మీద వేస్తే ఏం పోతుంది, కరెంటు బిల్లు పెరుగుతుందా?