పెళ్ళి రథం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పెళ్ళి రథం గారికి,

ఒంగోలు నుంచి పెళ్ళికొడుకు మేనమామ రాయునది.

తమరి వైభోగం మొన్న బజారంతా చూసింది. నాలుగు చక్రాలు, ఇనుప ఫ్రేము, దాని మీద ఫైబరు నెమళ్ళు, నెమళ్ళకు లైట్లు, లైట్లకు బ్యాటరీలు. ఇంతా చేసి తమరి ముందు కట్టింది ఏందయ్యా అంటే, నా నడుం దాకా కూడా రాని పొట్టి గుర్రం! ఫొటోల్లో ముద్దుగా పడుతుందంట.

మినియేచర్ గుర్రమంటే, అమెరికాలో వాటి సంఘం లెక్కన జూలు చివరి వెంట్రుకల దగ్గర ఎత్తు 34 అంగుళాలు దాటకూడదు. దానికి తేలికపాటి రెండు చక్రాల బండి ఉంటుంది. ముందుకొచ్చే రెండు కర్రలూ గుర్రం భుజం దగ్గర, నేలకు సమంగా నిలవాలి. బండి ఎత్తయితే కర్రలు ముందుకు వాలి, ఎక్కినవాళ్ళ బరువు గుర్రం వీపు మీదికి దిగుతుంది. అట్లని చక్రాలు మరీ చిన్నవి పెడితే ప్రతి గుంతలోనూ దిగబడతాయి. మన రోడ్లు తమరికి తెలియనివా!

నాలుగు చక్రాల తమరు వీపు మీద వాలరు, ఒప్పుకుంటా. కానీ వంతెన దిగేటప్పుడు తమరి బరువంతా వెనక నుంచి తోస్తుంది. దాన్ని ఆపుకోవడానికి గుర్రం తొడల వెనక ఒక పట్టీ ఉండాలి. అక్కడ బంతిపూల దండ ఉంది.

పశువులు లాగే బండ్లకు 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం తోలేవాడూ, ఆరేళ్ళలోపు పిల్లలూ కాక నలుగురే ఎక్కాలి. బావమరుదులే నలుగురు, ఆపైన వీడియో లైటు పట్టుకున్న కుర్రోడు.

నాకు ఒళ్ళు మండేది ఇందుకు కాదు. బండలాగుడు పోటీల్లో గిత్త నోరు తెరిపించి, పళ్ళు చూసి వయసు తేల్చందే బరిలోకి రానివ్వని జిల్లా ఇది. పాలపళ్ళకో బండ, రెండు పళ్ళకో బండ, ఆరు పళ్ళకో బండ. జతలో ఒకటి కాస్త పొట్టిదైతే కాడి వాలుతుందని బేరమే వదులుకుంటారు. ఆ మనుషులే తమరిని మాట్లాడేటప్పుడు అడిగింది ఒక్కటే: "లైట్లు రంగులు మారతాయా?"

పొట్టి గుర్రమే కావాలంటే నెమళ్ళనూ బావమరుదులనూ దించేసి, రెండు చక్రాల మీద రండి. నెమళ్ళే ముఖ్యమైతే జనరేటరు లాగే ట్రాక్టరుకు తగిలించుకోండి. దాని పళ్ళు ఎవరూ చూడరు.

ఇట్లు,
ఊరేగింపులో గుర్రం పక్కనే నడిచిన మేనమామ