53 శాతం అంటే 53 మార్కులు కాదు బావా

మూడు వారాలుగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక హాలీవుడ్ బొమ్మల సినిమా మీద ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "బాస్ బేబీ సినిమాకి విమర్శకులు వేసినవి వందకి 53 మార్కులే. ఆస్కార్ నామినేషన్ కొనుక్కున్నదే. బొమ్మలన్నీ కంప్యూటరే గీసేస్తుంది. ఇది చూసిన పిల్లలు తమ్ముళ్లని, చెల్లెళ్లని అసహ్యించుకుంటారు. పది మందికి పంపండి." పంపుతూనే ఉన్నారు, నాకే నలుగురు పంపారు.

కంప్యూటరే గీసేస్తుందట. ఎక్సెల్ ఉంది కదా అని మీ ఆఫీసులో జీతాల బిల్లు దానంతటదే తయారవుతోందా? సరే, వదిలేద్దాం.

53 సంగతికొద్దాం. సినిమా సమీక్షల్ని పోగేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో ఆ అంకె ఉన్నమాట నిజమే, కానీ అది సినిమాకి పడ్డ మార్కులు కాదు, వందమంది సమీక్షకుల్లో 53 మంది ఫర్వాలేదు, చూడొచ్చు అన్నారని. మన భాషలో చెప్పాలంటే పాస్ పర్సంటేజీ. క్లాసులో అందరికీ 36 వస్తే పాస్ పర్సంటేజీ 100, సగం మందికి 95 వచ్చి మిగతా సగం తప్పితే 50. ఇది నేను ఎవరికి చెప్తున్నానో చూడండి. మెసేజ్ మొదట పంపింది మా పెద్దబావ, జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఏటా ఫలితాలు రాగానే "మా కాలేజీ 92 శాతం" అని స్టేటస్ పెడతారు. ఏం బావా, మీ పిల్లలందరికీ 92 మార్కులే వచ్చాయా?

నిజంగా సమీక్షకుల మార్కుల సగటు కావాలంటే మెటాక్రిటిక్ అని ఇంకో సైట్ ఉంది. అక్కడ దీనికి వచ్చింది 50. అవును, 53 కన్నా తక్కువే, నా వాదనకి నేనే గొయ్యి తవ్వుకున్నాను. అక్కడితో ఆగను. కుక్కపిల్లల కంపెనీ, పసిపిల్లల కంపెనీ అంటూ సగం నుంచి కథ చిక్కుపడిపోయిందన్నవాళ్ల మాట నాకూ నిజమే అనిపించింది. టికెట్ కొని చూసిన అమెరికా జనం మాత్రం ప్రేక్షకుల్ని గ్రేడు అడిగే సినిమాస్కోర్ వాళ్లకి ఏ మైనస్ అని చెప్పి వెళ్లారు. 52 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది.

నామినేషన్ కొన్నారా? కొనగలిగితే ఆ అవార్డే కొనుక్కునేవారుగా, కోకో సినిమాకి ఎందుకు వదిలేస్తారు? లెగో బ్యాట్‌మ్యాన్ సినిమాని పక్కనపెట్టి దీన్ని తీసుకోవడం నాకూ వింతగానే ఉంది, అది వేరే సంగతి.

నాకు ఒళ్లు మండింది తమ్ముళ్లని, చెల్లెళ్లని అసహ్యించుకుంటారన్న మాటకి. పురిటికని శ్రీకాకుళం వచ్చిన మా చెల్లి ఆ మెసేజ్ చూసి, పెద్దోడు చూస్తున్న సినిమాని సగంలో ఆపేసింది. గుంటడు ఒకటే ఏడుపు. ఆ మెసేజ్ రాసిన మహానుభావుడూ సగమే చూసుంటాడు. కోటు వేసుకుని టాక్సీలో దిగిన పసి తమ్ముడంటే ఏడేళ్ల టిమ్‌కి పడకపోవడం మొదటి సగం. తీరా తమ్ముడు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయి, నా వాటా ప్రేమంతా నీకే ఇస్తా, వచ్చెయ్ అని వాడే ఉత్తరం రాస్తాడు. అసలు ఆ కథంతా పెద్దయిన టిమ్ తన కూతురికి చెప్తున్నది, ఆ పిల్లకి చెల్లెలు పుట్టబోతోందని. పురిటింట్లో చూడాల్సిన సినిమా ఏదైనా ఉంటే ఇదే కదా!

మర్నాడు మిగతా సగం పెట్టాం. అయ్యాక గుంటడు ఒకటే అడిగాడు, తమ్ముడు కూడా కోటు వేసుకుని, పెట్టె పట్టుకుని టాక్సీలో దిగుతాడా అని. లేదమ్మా, టవల్లో చుట్టి, ఏడు రోడ్ల జంక్షన్ మీదుగా ఆటోలో తెస్తాం అన్నాను. మొహం మాడ్చుకున్నాడు.