పెరట్లో వెలసిన పోర్టబుల్ సామిల్లు గారికి బహిరంగ లేఖ

అయ్యా సామిల్లు గారూ,

తమరు మా ఇంటికి వచ్చి ఇవాళ్టికి పదకొండో రోజు. ఇంతవరకు తమరు కోసింది ఒకే ఒక్క పలక. దాని సంగతి చివర్లో మనవి చేసుకుంటాను. ముందు తమరి పేరు గురించి ఒక మాట.

పోర్టబుల్ అన్నారు. గేటు దగ్గర దిగిన తమరిని లోపలికి తేవడానికి నలుగురం కావలసి వచ్చింది. అదీ ఒక్క దఫాలో కాదు. వీధిలోనే పెట్టె విప్పి, రంపం జరిగే పట్టాలు ఓసారి, బ్లేడు తిరిగే చక్రాలు ఓసారి, ఇంజిన్ ఓసారి మోసుకొచ్చాం. ఆ రోజు అటూ ఇటూ తిరిగింది మేము. తమరు కాదు.

తమరితో పాటు ఒక పుస్తకం వచ్చింది. బిగించడానికి ఇద్దరు మనుషులు, ఒక పూట చాలని మొదటి పేజీలోనే రాశారు. ఆ ఇద్దరూ ఎవరో రాయలేదు. నేనూ మా నాన్నా మాత్రం కాదని మొదటి సాయంత్రానికే తేలిపోయింది. బొమ్మలో బోల్టులన్నీ ఒక్కలాగే ఉంటాయి. సంచిలో మాత్రం రకరకాలు. పట్టాల ముక్కలు మూడూ కలిపి, స్పానర్ మీద ఊగి మరీ బిగించేశాక పేజీ తిప్పితే, "ఇప్పుడే బిగించవద్దు, అన్నీ చేత్తో వదులుగా తిప్పి ఉంచండి" అని ఉంది. ఆ ముక్క ఒక్క పేజీ ముందు చెబితే ఎవరి సొమ్ము పోయేదో!

ఇక రసమట్టం. దాంతో నేను గడిపిన రెండు రోజులు పగవాడికి కూడా వద్దు. ఈ మూల ఎత్తితే ఆ మూల దిగుతుంది. ఆ మూల కింద చెక్కముక్క పెడితే మధ్యలో కాలు గాల్లో వేలాడుతుంది. బుడగ రెండు గీతల మధ్యకి వచ్చినట్టే వచ్చి, నేను లేచి నిలబడగానే పక్కకి జరుగుతుంది. మా నాన్న కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

"నేల వంకరగా ఉందిరా."

"ఎప్పట్నుంచి నాన్నా?"

"నువ్వు రసమట్టం కొన్నప్పట్నుంచి."

మూడో రోజు తెలిసిన వడ్రంగి ఒకాయన వచ్చి చూశాడు. జేబులోంచి దారం తీసి పట్టా ఈ చివర నుంచి ఆ చివరకి లాగి కట్టాడు. "బుడగ సరే గానీ బాబూ, మిల్లు కాస్త వాలుగా ఉన్నా ఏం కాదు. పట్టాలు తిన్నగా ఉండాలి, మెలిక ఉండకూడదు. మధ్యలో కుంగితే పలక విల్లులా వస్తుంది. మెలి తిరిగితే పలకా మెలి తిరుగుతుంది" అన్నాడు. అరగంటలో పని అయిపోయింది. తిన్నటి పలక కోసం తమరిని తెచ్చుకుంటే, ముందు తిన్నటి పట్టాలు నన్నే ఇమ్మన్నారన్నమాట. ఇచ్చుకున్నాను.

బ్లేడు వేయడమంటే ఇన్నాళ్ళూ మా బంధువొకాయన చేసే పని అనుకునేవాణ్ణి. తమరిది అంతకంటే ప్రమాదం. పన్నెండు అడుగుల ఉక్కు రిబ్బను, మూడు చుట్లుగా మడిచి, తీగతో కట్టి పంపారు. తీగ తెంపగానే అది నిద్రలేచిన పాములా బుస్సున విచ్చుకుంది. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. (ఉక్కు పట్టీ చివరలు అతికి, చక్రాల మీద వంగి వంగి తిరిగినా తెగని బ్లేడు చేసే పద్ధతికి 1846లో ఫ్రాన్స్‌లో పేటెంట్ తీసుకున్నది అన్ పోలిన్ క్రెపిన్ అనే మహిళ. ఆవిడ ముందు మిగతా మనమంతా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.) తీరా ఎక్కించాక చూస్తే పళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి. చొక్కా తిరగేసినట్టు బ్లేడుని లోపలిది బయటికి తిప్పాలట. తిప్పాను. తర్వాత స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూడాలి. బ్లేడు చక్రం మీద ఉండాలి, పళ్ళు మాత్రం అంచు దాటి కాస్త బయటికి రావాలి. తిప్పినకొద్దీ అది వెంట్రుకవాసి చొప్పున అంచుకి జరుగుతూ పోయింది. సర్దే స్క్రూ పావు చుట్టు తిప్పితే ఇటు, మరో పావు తిప్పితే అటు. బ్లేడుకి టెన్షన్ చాలదని పుస్తకం అంటుంది. మిగతా టెన్షనంతా నా దగ్గరే ఉంది, పట్టుకెళ్ళండి.

ఇంజిన్ గురించి ఎక్కువ చెప్పను. తాడు నలభైసార్లు లాగాను. ఆయిల్ పోయకుండానే పంపుతారని, ఆయిల్ లేకపోతే లోపలున్న సెన్సర్ స్టార్ట్ కానివ్వదని రాసిన ఎర్ర చీటీ ఇంజిన్‌కే కట్టి ఉంది, గోడవైపు.

అసలు తమరిని ఎందుకు తెచ్చానంటే, గాలివానకి పెరట్లో చెట్టు పడింది. పెద్ద గుండ్రటి రంపం ఒక్కో కోతకి 6 మిల్లీమీటర్ల దాకా చెక్కని పొట్టు చేసేస్తుంది, తమరు 2 మిల్లీమీటర్లతో సరిపెట్టుకుంటారు. ఆ లెక్కకి పడిపోయాను. 25 మిల్లీమీటర్ల పలక కావాలంటే రంపాన్ని 27 దించాలన్న లెక్క మాత్రం పలక చేతికొచ్చాక గుర్తొచ్చింది.

40 సెంటీమీటర్ల లావు, రెండున్నర మీటర్ల పొడవు పచ్చి దుంగ అంటే దగ్గరదగ్గర 300 కిలోలు. గడ్డపారలతో దొర్లించి ఎక్కించాం. పై చెక్కు తీశాం. రెండో కోత సగం దాకా వెన్నలా సాగింది. కమ్మటి పచ్చిచెక్క వాసన, బ్లేడు మీద చుక్కచుక్కగా నీళ్ళు, ఎగజిమ్మే పొట్టు. ఆ నిమిషం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సంబరంలో నేను రంపాన్ని కాస్త తొందరగా తోశాను, బ్లేడు అలలు అలలుగా పోయింది. మూడో కోతలో టంగుమని శబ్దం, నిప్పురవ్వలు.

"మేకు తగిలిందా? బట్టల తాడుకి నేనే కొట్టాను" అన్నారు నాన్న, కుర్చీలోంచే.

చేతికొచ్చిన ఆ ఒక్క పలక ఒక కొసన 23 మిల్లీమీటర్లు, రెండో కొసన 17. కారణం వెతికితే, దుంగ బరువుకి అటువైపు కాలు నేలలోకి దిగిపోయింది. దారం కట్టినప్పుడు పట్టాల మీద దుంగ లేదు మరి.

అందుకని ఆ పలకని నాలుగు ముక్కలు చేసి తమరి కాళ్ళ కిందే పెట్టాను. చేతిరంపంతోనే కోశాను. ఏడు నిమిషాలు పట్టింది.

ఇట్లు,
రసీదు ప్రకారం తమరి యజమాని