జెనెరిక్ డిప్రెషన్ మాత్రలూ, ఆ ‘45 శాతం’ లెక్కా

‘‘డిప్రెషన్‌కి వాడే జెనెరిక్ మాత్రలో మందు 20 శాతం తక్కువైనా ఉండొచ్చు, 25 శాతం ఎక్కువైనా ఉండొచ్చు. కంపెనీ మారితే తేడా 45 శాతం. బ్రాండు మానిన వారానికే జబ్బు తిరగబెడుతుంది.’’ ఫోన్ల నిండా తిరుగుతున్న మాట ఇది.

‘మాత్రలో మందు తక్కువ.’ కాదు. మాత్రలో ఎంత ఉండాలో మందుల ప్రమాణాల గ్రంథం ఫార్మకోపియా చెబుతుంది. సాధారణంగా లేబుల్ మీది మోతాదులో 90–110 శాతం ఉండాలి, బ్రాండుకైనా అదే హద్దు. 80, 125 అన్నవి రక్తంలో కొలిచిన అంకెలు. ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందికి ఒకసారి బ్రాండు ఇస్తారు. అది ఒంట్లోంచి పూర్తిగా పోయాక జెనెరిక్ ఇస్తారు. రెండుసార్లూ పలుమార్లు రక్తం తీసి, మందు ఎంత ఎత్తుకు చేరిందో, మొత్తం ఎంత చేరిందో పోలుస్తారు. ఆ నిష్పత్తికి కట్టిన 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు నిష్పత్తి ఉండే అవకాశమున్న పరిధి) రెండు కొసలూ 80–125 లోపలే పడాలి. సగటు 83 వచ్చి, కొసలు 76, 91 అయితే ఆ మందు తప్పినట్టే. అందుకే పాసైన మందుల సగటు 100 దగ్గరే ఉంటుంది. 1996–2007 మధ్య మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏకు చేరిన 2,070 అధ్యయనాల్లో సగటు తేడా గరిష్ఠ స్థాయిలో 4.35 శాతం, మొత్తంలో 3.56 శాతం. అన్నట్టు, 80 నుంచి 125కి పెరిగితే అది 56 శాతం. సందేశం రాసినవారికి కూడిక తప్ప శాతాలు రానట్టుంది.

‘బుప్రోపియాన్ జెనెరిక్‌ను వెనక్కి తీసుకున్నారు.’ ఇది నిజం. డిప్రెషన్ మందు బుప్రోపియాన్‌కు జెనెరిక్ అయిన బుడెప్రియాన్ ఎక్స్‌ఎల్ 300కు 2006లో అనుమతి వచ్చింది 150 మిల్లీగ్రాముల మాత్ర మీద చేసిన పరీక్షతో. 300ను విడిగా పరీక్షించలేదు. రోగుల ఫిర్యాదుల తర్వాత ఎఫ్‌డీఏ తానే పరీక్షిస్తే గరిష్ఠ స్థాయి బ్రాండులో 75 శాతమే తేలింది. 2012లో మార్కెట్ నుంచి తీసేశారు. తప్పు మందుది కాదు, దాన్ని మెల్లగా వదలాల్సిన మాత్ర తయారీది. కాబట్టి జాగ్రత్త పడాల్సింది పేరు పక్కన ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, ఈఆర్ అక్షరాలున్న చోట, అంటే మందును మెల్లగా వదిలే రకాల్లో. ఆ రకాలకు ఒకే తయారీదారును పట్టుకుని ఉండటంలో అర్థముంది. మామూలు మాత్రగా వచ్చే ఫ్లూఆక్సెటిన్‌ లాంటి మందుకు అంత పట్టింపు అక్కర్లేదు.

‘మారగానే తిరగబెడుతుంది.’ మారిన ఒకటి రెండు రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం మొదలైతే ముందు డోసు తప్పిందేమో చూడాలి. వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మందు సగం ఆయువు (రక్తంలో సగానికి తగ్గే సమయం) సుమారు 5 గంటలు, అది మారి ఏర్పడే పదార్థానిది 11. కొత్త స్ట్రిప్పు దొరకడం ఒక్కరోజు ఆలస్యమైనా తెలిసిపోతుంది. ఈఆర్ క్యాప్సూల్ బదులు మామూలు మాత్ర చేతికొచ్చినా ఇంతే, దాన్ని రోజుకు రెండు మూడు సార్లుగా వేసుకోవాలి. సిటలోప్రామ్ 10, ఎస్సిటలోప్రామ్ 10 ఒకటి కావు, మొదటిది బలంలో దాదాపు సగం. రంగు వేరు కదా అని పాతదీ కొత్తదీ రెండూ మింగేస్తే వికారం, వణుకు, చెమటలు వస్తాయి.

స్ట్రిప్పు మార్చిన రోజే మందు పేరు, మిల్లీగ్రాములు, పక్కనున్న అక్షరాలు, తయారీదారు పేరు రాసిపెట్టుకోండి. ఎక్స్‌ఎల్ మాత్రను విరవద్దు, నూరవద్దు. దాని ఖాళీ పెంకు మలంలో కనబడితే కంగారక్కర్లేదు. రెండు వారాలైనా నిద్ర, మనసు కుదుటపడకపోతే మందు మీరే ఆపకుండా, పెంచకుండా రెండు స్ట్రిప్పులూ డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలనే ఆలోచనలొస్తే మాత్రం అదే రోజు వెళ్లాలి.