ఫిట్జ్‌రాయ్ ఎనిమిది టైటిళ్లు ఎవరివి?

ఆస్ట్రేలియా సొంత తరహా ఫుట్‌బాల్‌లో అగ్ర లీగ్ ఏఎఫ్ఎల్. బ్రిస్బేన్ లయన్స్ 2024, 2025లలో వరుసగా దాని టైటిల్ గెలిచింది. 2001 నుంచి 2003 దాకా గెలిచిన మూడింటితో కలిపి దాని ఖాతాలో ఐదు టైటిళ్లున్నాయి. మెల్‌బోర్న్ శివారు క్లబ్ ఫిట్జ్‌రాయ్ 1898 నుంచి 1944 మధ్య గెలిచిన ఎనిమిదింటినీ ఇందులో కలిపేసి పదమూడు అనాలనే వాదన ఒకటుంది. అలా కలపడం తప్పు. లీగ్ రికార్డులు ఆ ఎనిమిదినీ ఫిట్జ్‌రాయ్ పేరు మీదే ఉంచడం న్యాయం.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన వాళ్లకు నేపథ్యం తెలిసిందే. ఫిట్జ్‌రాయ్ 1883లో పుట్టిన క్లబ్, 1897లో లీగ్‌ను మొదలుపెట్టిన వాటిలో ఒకటి. అప్పులతో కుంగిపోయింది. 1996లో అప్పిచ్చిన నౌరూ అనే పసిఫిక్ ద్వీప దేశపు సంస్థ అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1న ఫ్రీమాంటిల్‌తో చివరి మ్యాచ్ ఆడాక, జట్టును బ్రిస్బేన్ బేర్స్‌లో కలిపారు. అలా ఏర్పడిందే బ్రిస్బేన్ లయన్స్.

సింహం గుర్తు, ఎనిమిది మంది ఆటగాళ్లు బ్రిస్బేన్‌కే వెళ్లారు కాబట్టి చరిత్ర కూడా అక్కడికే వెళ్లిందని, ఇల్లు మారినంత మాత్రాన వంశం మారదని అవతలి వాళ్లంటారు. అభిమానుల బాధ తీర్చడానికి చెప్పే మాటగా అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఇల్లు ఖాళీ కాలేదు. 2009 నుంచి ఫిట్జ్‌రాయ్ విక్టోరియా అమెచ్యూర్ లీగ్‌లో, తన పాత బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానంలోనే, తన పేరుతోనే ఆడుతోంది.

అసలు ఆ రికార్డులు ఏం చెబుతున్నాయో చూడండి. 1916లో యుద్ధం వల్ల లీగ్‌లో నాలుగే జట్లు మిగిలాయి. పన్నెండు మ్యాచ్‌లలో రెండే గెలిచిన ఫిట్జ్‌రాయ్ పట్టికలో అట్టడుగున నిలిచింది. నాలుగు జట్లూ ఫైనల్స్‌కు వెళ్లడంతో అక్కడ వరుసగా గెలిచి, చివరికి కార్ల్‌టన్‌ను ఓడించి టైటిల్ కొట్టింది. ఒకే ఏడాది ఆఖరి స్థానం, టైటిల్ రెండూ ఆ జట్టువే! కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లిపోయిన మెల్‌బోర్న్ గురించి తెలియకపోతే ఈ అంకెకు అర్థమే లేదు. దాన్ని బ్రిస్బేన్ గోడ మీద రాస్తే ఏం అర్థమవుతుంది?

డగ్ నికల్స్ సంగతీ అంతే. ఆదివాసీ అయినందుకు కార్ల్‌టన్‌లో అవమానం ఎదుర్కొన్న ఆటగాడు 1932లో ఫిట్జ్‌రాయ్‌కి వచ్చాడు. లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌ను మూడుసార్లు గెలిచిన హేడెన్ బంటన్ డ్రెస్సింగ్ రూమ్‌లో అతని పక్కన చోటు తీసుకున్నాడని చెబుతారు. అదే నికల్స్ 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యారు. కెవిన్ ముర్రే ఫిట్జ్‌రాయ్‌కి ఆడిన 333 మ్యాచ్‌లూ, 1979లో మెల్‌బోర్న్ జట్టుపై 190 పాయింట్ల రికార్డు విజయమూ ఆ పేటవే.

ఇంత గట్టిగా వాదించడానికి కారణం హైదరాబాద్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ సెమీఫైనల్ చేరింది. కోచ్ మన సయ్యద్ అబ్దుల్ రహీమ్, జట్టులో సికింద్రాబాద్ బలరాం. రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీని వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఫిట్జ్‌రాయ్ ఆటగాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో, ఎన్ని గోల్స్ కొట్టాడో అక్కడి పిల్లాడు నిమిషంలో చెప్పగలడు. సిటీ పోలీస్ ఆటగాడి గురించి తెలుసుకోవాలంటే మన పిల్లాడు ఎక్కడికి వెళ్లాలి? ఆ జట్టు పేరు పోలీసు శాఖది. పాత ఫైళ్లు, స్కోరు షీట్లు, ఫొటోలు ఏవి మిగిలి ఉన్నా శాఖ బయటికి తీయాలి. మ్యాచ్‌ల వారీగా, ఆటగాళ్ల వారీగా రాయించి ప్రజల ముందు పెట్టాలి. ఆనాటి ఆటగాళ్ల ఇళ్లలో ఉన్న పేపర్ కటింగ్‌లు చెదలు పట్టకముందే ఆ పని మొదలవ్వాలి.