పొట్టి మెసేజిలు భాషను చంపడం లేదు

‘ఫోన్లు వచ్చాక భాష చచ్చిపోయింది. మాటల్ని ముక్కలు చేసి రాయడం ఈ తరమే మొదలుపెట్టింది. అంతా బద్ధకం. పిల్లలకు స్పెల్లింగులు రావడం లేదు. ఎమోజీలతో మళ్లీ ఈజిప్టు బొమ్మల రాతకు పోతున్నాం.’ ఈ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. పంపేవాళ్లకు భాష మీద ప్రేమ ఉంది, కాదనను. నాకూ ఉంది కాబట్టే ఒప్పుకోలేకపోతున్నాను.

ఈ తరమే మొదలుపెట్టిందా? 1917లో బ్రిటిష్ అడ్మిరల్ జాన్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ‘ఓ మై గాడ్’కు పొట్టి రూపమైన ‘ఓఎంజీ’ ఉంది. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు! మనం రోజూ అనే ‘ఓకే’ 1839లో ఒక బోస్టన్ పత్రికలో అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ను సరదాకి తప్పు స్పెల్లింగులో రాసి, దాన్నే పొట్టి చేశారు.

ఇక బద్ధకం. మొదటి ఎస్ఎంఎస్ 1992లో వెళ్లింది. ఒక్కో మెసేజిలో పట్టేవి 160 ఇంగ్లిష్ అక్షరాలు. తెలుగు లాంటి లిపుల్లో రాస్తే 70 గుర్తులే, అందులో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్క. మాటలు కుదించినా, సొంత భాషను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా అందులో ఈ ఇరుకు పాత్ర చాలా ఉంది. మాటకింత అని డబ్బు తీసుకున్న రోజుల్లో టెలిగ్రాములూ అలాగే చిక్కిపోయాయి. వాటిని బద్ధకం అని ఎవరన్నారు?

స్పెల్లింగుల మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే నింద పిల్లల మీద పడుతోంది. బ్రిటన్‌లో కోవెంట్రీ యూనివర్సిటీ పరిశోధకులు 10 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని పరిశీలిస్తే, పొట్టి రాతలు ఎక్కువ వాడినవాళ్లే మాటల్ని బాగా చదివారు. ఇది చిన్న అధ్యయనమే, మెసేజిలు రాస్తే చదువు వస్తుందని దీని అర్థం కాదు. కానీ ఆలోచించండి: ‘జీ’, ‘ఆర్’ పక్కన 8 అంకె వేసి ‘గ్రేట్’ అనిపించాలంటే, ఆ మాట ఏ శబ్దాలతో తయారైందో చెవికి తెలియాలి. చదవడం నేర్చుకోవడానికి కావాల్సిందీ అదే. ఉద్యోగ దరఖాస్తులో అలా రాస్తే తప్పే. ఎక్కడ ఎలా రాయాలో నేర్పితే సరిపోతుంది.

ఈజిప్టు పోలిక రెండు వైపులా తప్పు. ఆ బొమ్మల్లో చాలావాటికి శబ్దాలున్నాయి. 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఆ రాత గుట్టు విప్పగలిగింది అది గ్రహించబట్టే. వాటితో లెక్కలు, ఉత్తరాలు, వైద్యం, ఏదైనా రాయగలిగేవారు. ‘నిన్న నువ్వు రాకపోయి ఉంటే నేను వెళ్లేదాన్ని కాదు’ అన్న వాక్యాన్ని ఎమోజీలతో రాసి చూడండి, కుదరదు. వాటి పని వేరు. 1982లో కంప్యూటర్ సందేశాల్లో జోకుల్ని సీరియస్‌గా తీసుకుంటున్నారని, అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ విరామ చిహ్నాలతో నవ్వు ముఖం వేద్దామన్నాడు. మనిషి ఎదురుగా ఉంటే ముఖమూ గొంతూ చెప్పేదాన్ని ఎమోజీ చెబుతుంది. ‘సరే’ అని ఒక్క మాట వస్తే, అవతలివాళ్లు ఒప్పుకున్నారో అలిగారో తెలియక టెన్షన్ పడతాం. పక్కన చిన్న నవ్వు ఉంటే ఫోన్ పక్కన పెట్టి మన పని చూసుకుంటాం.